విహారయాత్రల గదిలో మూడో పిలుపు

“వచ్చే ఆశ్వయుజం దాటదు. మన సంఘంలో ప్రతి కుటుంబమూ ఏడు రోజులపాటు మన్యం కొండలు చూసి వస్తుంది. ఇది హామీ కాదు సోదరులారా, ఇది నా ఊపిరి!”

ఈ మాటలన్నది సాగర కార్మిక సహకార సంఘం కార్యదర్శి భీమశంకరరావు. అన్న రోజు 1977 మేడే. అన్న చోటు విశాఖ పాతపట్నంలో ఉప్పు గొడౌన్ల వెనక, ఒంటరిగా ఉన్న ఒక పెంకుటింటి మెట్ల మీద. ఆ రోజు గుమ్మానికి బంతిపూల దండలు కట్టారు. ‘విహారయాత్రల విభాగం’ అని ఎర్ర రంగుతో రాసిన బోర్డు తగిలించారు. యాత్రల కోసమని కొన్న నీలం రంగు బస్సుకు హారతిచ్చారు. అందరూ టీ తాగి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఏడు ఆశ్వయుజాలు వచ్చిపోయాయి. కార్యదర్శిగారు ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉన్నారు. బస్సు ఆయన చుట్టాల పెళ్ళిళ్ళకు తిరుగుతూనే ఉంది.

ఆ ఇంటికి మాత్రం దెయ్యాల కొంప అని పేరొచ్చింది.

పగటిపూట దానికే లోటూ లేదు. ముందుగదిలో కిరసనాయిలు డ్రమ్ములు పెట్టి సంఘం వాళ్ళు డబ్బాల్లో కొలిచి పోస్తారు. జనం వరస కడతారు, తిట్టుకుంటారు, వెళ్ళిపోతారు. చీకటి పడితేనే కథ మొదలు. వెనకగది కిటికీలోంచి టైపు మిషను చప్పుడు వస్తుంది. టక్... టక్... టక్... ఆగుతుంది. తర్వాత ఎవరో గొణుగుతారు. దగ్గరకెళ్ళి విన్నవాళ్ళు చెప్పేదేమిటంటే — అది మంత్రం కాదట. శాపం కాదట. రైలు స్టేషన్ల పేర్లట!

“శృంగవరపుకోట... బొడ్డవర... శివలింగపురం... త్యాడ... చిమిడిపల్లి... బొర్రాగుహలు...”

అలా అరకు దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆ పైన పెద్ద నిట్టూర్పు.

“ఏడో రోజు... ఏడో రోజు... ఏడో రోజు ఎక్కడికి?”

తాళాలు బాగుచేసే పీర్ మహమ్మద్ ఒక రాత్రి ఆ దారినే ఇంటికి వస్తున్నాడు. కిటికీలోంచి సన్నటి గొంతు — “పీర్ మహమ్మద్...” కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. మళ్ళీ — “పీర్ మహమ్మద్...” ఆయన వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. పరిగెత్తేవాడి వీపు మీద ఇంకో మాట పడింది.

“చలికోటు ఉందా?”

మూడు రోజులు జ్వరం. తాయెత్తు కట్టించుకుని లేచాడు. “అల్లా కసమ్, విశాఖపట్నంలో, మే నెలలో, ఇన్సాన్ అయినవాడు ఎవడైనా చలికోటు గురించి అడుగుతాడా భాయ్?” అని ఆయన వాదన.

చేపలమ్మే కాసులమ్మది ఇంకా ఘోరం. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వస్తోంది. “కాసులమ్మా...” అంది గొంతు. ఆమె పలకలేదు. “కాసులమ్మా...” ఆమె పలకలేదు. ఆ తర్వాత గొంతు చాలా మర్యాదగా అడిగింది.

“శాకాహారమా... మాంసాహారమా?”

గంప అక్కడే వదిలేసింది కాసులమ్మ. మర్నాడు పగలు కూడా తెచ్చుకోలేదు. “నన్ను తిందామనే అడిగిందే ఓలమ్మా, ముందుగా రుసి కనుక్కుంటంది!” అని ఇప్పటికీ చెబుతుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. జాలరిపేటలో చీకటి పడ్డాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకరు. రెండో పిలుపుకూ పలకరు. మూడోసారి పిలిస్తేనే “ఓయ్” అంటారు. దెయ్యానికి రెండుసార్లు పిలిచే శక్తే ఉందట, మూడోది దానికి చేతకాదట. వేటకెళ్ళిన పడవల మీద ఈ కట్టుబాటు మరీ గట్టిది. పాతపట్నం వాళ్ళకూ అదే అలవాటైంది. ఉప్పు గొడౌన్ల వెనక గొంతు ఏనాడూ మూడోసారి పిలవలేదు. ఇంకేం రుజువు కావాలి?

ఇదంతా విని పళ్ళు కొరికే మనిషి పేటలో ఒక్కడే ఉన్నాడు. పేరు అర్జునరావు. హార్బరులో టాలీ గుమాస్తా — ఓడలోంచి దిగే బస్తాలకు లెక్క గీతలు గీసే ఉద్యోగం. ఇరవైనాలుగేళ్ళు. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివాడు, లేనివాటి కోసం లైబ్రేరియన్‌తో తగువు పెట్టుకున్నాడు. “దున్నేవాడికి భూమి అయితే, మోసేవాడికి కొండ!” అని గోడల మీద బొగ్గుతో రాశాడు. కింద ఎవరో “కొండ ఎత్తుకెళ్ళి ఎక్కడ పెడతావు బావా?” అని రాశారు. అర్జునరావుకు నవ్వు రాలేదు. అతనికి హాస్యం పాలకవర్గాల ఆయుధం.

అయితే కోపం వెనక అతనికి సొంత కారణం ఒకటుంది. వాళ్ళమ్మ గంగాలమ్మ.

వాళ్ళ అయ్య వేటకెళ్ళి సముద్రంలోంచి ఒడ్డుకు దారి పట్టేది కొండలను చూసుకునే. దగ్గరి కొండ భుజం మీద దూరపు నీలి కొండ తల ఆనించినట్టు కనపడిందంటే పేట ఎదురుగా ఉన్నట్టే. ఆ దూరపు కొండను పేటలో పెద్దమెట్ట అంటారు. ఏడాది పొడుగునా అది కనపడదు. వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టుండే ఆశ్వయుజంలోనే కనపడుతుంది. 1978లో సంఘానికి యాత్ర కోసం వేలిముద్ర వేసి అర్జీ పెట్టుకున్నవాడు ఆ అయ్యే. “ఇన్నేళ్ళు నాకు దారి సూపింది. ఓపాలి దాని దగ్గరికెల్లి మొకం సూపించాల” అనేవాడు. అర్జీకి జవాబు రాలేదు. 1980లో ఆయన పడవా తిరిగి రాలేదు.

ఈ వేసవి నుంచి గంగాలమ్మకు చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. సీతమ్మధార డాక్టరు చూసి నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నాడు. “పోయిన చూపు తిరిగిరాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. చూపించవలసినవి ఏమైనా ఉంటే ఈ ఏడే చూపించు” అన్నాడు.

ఇంటికొచ్చాక అర్జునరావు అడిగాడు, “ఏటి సూత్తావమ్మా?”

ఆమె తడుముకోలేదు. “పెద్దమెట్టని. దగ్గరికెల్లి సూత్తాను. అన్నిపాల్లు మీ అయ్యని ఇంటికి తోలినావు గదా, ఆ ఒక్కపాలి ఎందుకు తోలనేదని అడుగుతాను.”

అర్జునరావు మర్నాడే కార్యదర్శి ముందు నిలబడ్డాడు. బస్సు కావాలన్నాడు. భీమశంకరరావు కళ్ళద్దాలు తుడుచుకుంటూ చిరునవ్వు నవ్వాడు.

“బస్సుకేం తమ్ముడూ, నిక్షేపంలా ఉంది. కానీ యాత్రాపత్రం లేనిదే బండి కదలకూడదని సంఘం తీర్మానం. ఆ పత్రం విహారయాత్రల విభాగం ఇవ్వాలి.”

“అది మూసేశారు గదండీ!”

“మూసినట్టు ఏ కాగితమైనా చూశావా? కార్మికులకు వీలుగా ఉంటుందని రాత్రి ఏడు నుంచి పన్నెండు దాకా పెట్టాం. వెళ్ళు మరి.”

ఆ చిరునవ్వు అర్థం అర్జునరావుకు అప్పుడు తెలియలేదు.

*

ఆ రాత్రి తొమ్మిదింటికి చొక్కా తొడుక్కుంటుంటే గంగాలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఆ కొంపకా? నీకేటి మతిపోనాదేటిరా?”

“దెయ్యాలు దోపిడీదార్లు పుట్టించిన ప్రచారమమ్మా! చీకట్లో జనాన్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టడానికి—”

“పెచారమో ఏటో నాకు తెల్దు. మూడోపాలి పిలిసిందాకా పలక్కు. ఒట్టెయ్యి.”

ఒట్టు మూఢనమ్మకమని చెప్పబోయాడు. ఆమె చెయ్యి చాపే ఉంచింది. వేశాడు.

దారి పొడుగునా నినాదాలిస్తూ నడిచాడు. “ప్రకృతి — ప్రజల సొత్తు!” గొడౌన్ల మొదట్లో ఆ కేక వీధి చివర దాకా వినపడింది. మధ్యలోకి వచ్చేసరికి మామూలు మాటయింది. చివరి గొడౌను దాటేసరికి పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

పెంకుటిల్లు. చీకటి. కిరసనాయిలు వాసన.

టక్... టక్... టక్...

“...కరకవలస... శిమిలిగూడ... అరకు...”

ముందుగదిలోకి అడుగు పెట్టాడు. డ్రమ్ములు బోర్లించిన తలకాయల్లా ఉన్నాయి. వెనకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని కింద సన్నటి వెలుగు గీత.

మిషను ఆగింది.

“అర్జునరావు...”

గొంతు సన్నగా, బొంగురుగా ఉంది. పదార్థమే ప్రాథమికం, భావం తర్వాతిది — అని భౌతికవాద పుస్తకంలో చదివిన మాటను మనసులో గట్టిగా అనుకున్నాడు. కాళ్ళు కూడా పదార్థమే కాబట్టి అవే ముందు వెనక్కి జరిగాయి.

“అర్జునరావు...”

రెండు.

ఇక పిలుపు లేదు. లోపల కలం మూత తీసిన చప్పుడు... కాగితం తిప్పిన చప్పుడు... పాళీ కాగితం మీద ఆనబోతున్నట్టు... మూడోది రాలేదు. రావట్లేదు. తిరిగి పరిగెత్తడానికి మడమ ఎత్తాడు—

“అర్జునా!”

“ఆఁ! ఉన్నాను! ఉన్నాను!”

తలుపు తెరుచుకుంది.

లాంతరు వెలుగులో ఒక సన్నటి మనిషి. తలకు మంకీ క్యాప్. మెడకు మఫ్లరు. ఒంటిమీద చేత్తో అల్లిన రెండు స్వెటర్లు, ఒకదానిమీద ఒకటి. విశాఖ ఉక్కపోతలో అర్జునరావు చొక్కా వీపుకు అంటుకుపోతోంది. ఆ మనిషి నుదుటిమీద చెమట చుక్క లేదు.

“పలికారు...” అన్నాడు ఆయన గుసగుసగా. “ఏడేళ్ళలో పలికింది మీరొక్కరే. లోపలికి రండి. నా పేరు సత్యం. విహారయాత్రల గుమాస్తాను.”

బల్ల నిండా రైల్వే టైంటేబుళ్ళు, పెన్సిల్‌తో గీసిన పటాలు. మధ్యలో ఒక లావుపాటి పుస్తకం. ఆయన దాన్ని అర్జునరావు వైపు తిప్పాడు. ఆరువందల పన్నెండు మంది సభ్యుల పేర్లు. పక్కన వరసగా ఒకటే మాట, ముత్యాల్లాంటి చేతిరాతలో — పిలవడమైనది, పలకలేదు, యాత్ర ఇష్టం లేదు. పిలవడమైనది, పలకలేదు, ఇష్టం లేదు. పీర్ మహమ్మద్, ఇష్టం లేదు. కాసులమ్మ, ఇష్టం లేదు, గంప వదిలి వెళ్ళినారు.

“మీదొక్కటే మిగిలింది” అన్నాడు సత్యం.

“ఎన్నిసార్లు పిలిచారండీ వీళ్ళని?”

“రూలు ప్రకారం రెండుసార్లు. మూడోసారి పిలిస్తే బలవంతపెట్టినట్టు అవుతుందని సర్క్యులరు.”

అర్జునరావు బల్ల గుద్దాడు. లాంతరు ఎగిరిపడింది. “మూడోసారి పిలిస్తేగానీ మావాళ్ళు పలకరండీ!”

“అదేం?”

“...దెయ్యమనుకుంటారు.”

సత్యం మొహం చిన్నబోయింది. మఫ్లరు సర్దుకున్నాడు.

“దెయ్యమేమిటండీ...” అన్నాడు చివరికి. “నేను టెంపరరీ.”

అర్జునరావుకు కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. ఆరువందల కుటుంబాలు ఒక పక్క, ఒక్క గుమాస్తా ఇంకో పక్క, ఏడేళ్ళు ఒకరికోసం ఒకరు చీకట్లో ఎదురుచూశారు. మధ్యలో ఒక పిలుపు తక్కువ.

“నా విషయంలో మాత్రం రూలు మీరారు” అన్నాడు కృతజ్ఞతగా.

సత్యం వినిపించుకోనట్టే కాగితం మిషనులో దోపాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం? మొదటి రోజు, తెల్లవారుజామున బయలుదేరి శృంగవరపుకోటలో ఇడ్లీ. ఘాట్ రోడ్డు మొదట్లో డ్రైవరు కిందికి దిగి మొహం కడుక్కోవాలి, రాత్రికి అనంతగిరి. రెండో రోజు బొర్రా గుహలు, ముసలివాళ్ళు చేతికర్ర పట్టుకోవాలి, గబ్బిలాలను చూసి అరవకూడదు. మూడో రోజు అరకు. అప్పటికి వలిసెపూలు విచ్చుకుని లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది, పిల్లల్ని చేలల్లోకి దిగనివ్వకూడదు, అది గిరిజనుల పంట. నాలుగో రోజు పాడేరు. అయిదో రోజు లమ్మసింగి, ఇక్కడ చలికోటు లేనివాళ్ళ బాధ్యత విభాగానిది. ఆరో రోజు చింతపల్లి సంత. ఏ వంపు దగ్గర ఎవరికి కడుపులో తిప్పుతుందో, అక్కడ ఎన్ని నిమ్మకాయలు కావాలో కూడా ఆయన దగ్గర ఉంది.

“మీరు ఎన్నిసార్లు వెళ్ళారండీ కొండలకి?”

“నేనా?” సత్యం తల దించుకున్నాడు. “ఊరి పక్కనున్న దువ్వాడ స్టేషన్ దాటలేదు.”

మిషను ఆగింది. ‘ఏడో రోజు’ అని కొట్టి ఉంది. పక్కన ఖాళీ.

“ఇక్కడే ఏడేళ్ళు ఆగిపోయాను” అన్నాడు. “ఆరు రోజులు కొండలు చూసినవాడికి ఏడో రోజు ఇంకేం చూపించాలి? తిన్నగా ఇంటికి తేవాలంటే మనసొప్పదు. ఇంకో జలపాతం పెట్టాలంటే... జలపాతాలు అన్నీ ఒకలాగే ఉంటాయట. మీరు చెప్పండి.”

అర్జునరావు దగ్గర ఆ రోజుకు నినాదం లేదు. పెద్దమెట్ట గురించి చెప్పాడు. అయ్య గురించి, కొండ భుజం మీద కొండ గురించి, చూపు పోతున్న అమ్మ ఆ కొండను అడగాలనుకుంటున్న మాట గురించి చెప్పాడు.

సత్యం కదలకుండా విన్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరమే కొట్టాడు.

ఏడో రోజు: పెద్దమెట్ట ఎక్కి, అక్కడి నుంచి సముద్రం చూడవలెను.

“సముద్రం మీంచి కొండ కనపడితే, కొండ మీంచి సముద్రమూ కనపడాలి కదండీ” అన్నాడు. కళ్ళు మెరిశాయి. “ఎంత తేలిక! ఏడేళ్ళు...”

కింద ఇంకో వరస కొట్టాడు: గంగాలమ్మగారికి కిటికీ పక్క సీటు. తేదీ వేసి, సంతకం చేసి, ముద్ర గుద్ది చేతికిచ్చాడు. పుస్తకంలో చివరి పేరు పక్కన ‘ఇష్టమే’ అని రాసి, పుస్తకం మూసి, లాంతరు వత్తి తగ్గించాడు.

*

మర్నాడు పదింటికి ఆ కాగితం భీమశంకరరావు బల్లమీద పడింది.

కార్యదర్శి చదివాడు. మొదట చిరునవ్వు పోయింది. తర్వాత రంగు పోయింది.

“ఎవరు... ఎవరిచ్చారిది?”

“గుమాస్తా సత్యంగారు.”

“సత్యం పోయి అయిదేళ్ళయింది తమ్ముడూ. 1979. మేమే సంతాపసభ పెట్టాం. టీ ఇచ్చాం.”

అంటే నిన్నటి చిరునవ్వుకు అర్థం ఇదన్నమాట. లేని మనిషి దగ్గరికి కాగితం కోసం పంపాడు! అర్జునరావు ఒళ్ళు మండింది. భయం సంగతి తర్వాత.

“అయితే ఈ తేదీ ఎవరు వేశారు? ఈ ముద్ర ఎవరు గుద్దారు? పత్రం తెమ్మన్నారు, తెచ్చాను. బస్సివ్వండి.”

“చచ్చినవాడి సంతకం చెల్లదు.”

“బతికున్నవాడి మాట చెల్లిందా?”

కార్యదర్శి కాగితాన్ని చూపుడువేలి కొనతో వెనక్కి తోశాడు. ముట్టుకుంటే కాలుతుందన్నట్టు. “వచ్చేవారం చూద్దాం” అన్నాడు.

అర్జునరావు ఇంటికొచ్చాడు. గుమాస్తా చచ్చాడన్నది యాజమాన్యం అబద్ధమని, బతికున్నవాడిని కాగితాల్లో చంపేశారని, అమ్మకు గంటసేపు నిరూపించాడు. “మూడోసారి కూడా పిలిచాడమ్మా! నీ లెక్కప్రకారం చూసినా ఆయన మనిషే!”

గంగాలమ్మ వల ముడులు వేళ్ళతో తడుముతూ వింటోంది. చెయ్యి ఆగింది.

“మూడోపాలి పిలిసింది నానురా.”

“...ఏటి?”

“మనసాగక నీ ఎనకాలే వచ్చినాను. నడిమి గుమ్మం కాడ నిలబడ్డావు, మసగ్గా ఆనినావు. బొమ్మనాగ. సూసి సూసి, అర్జునా అని నానే కేకేసినాను. ఆఁ ఉన్నాను ఉన్నాను అని లోనకెల్లిపోనావు.”

ఇంట్లో దీపం చిటపటలాడింది.

“మరి... లోపల లాంతరు చూశావు గదా? ఆయన మాటలు విన్నావు గదా?”

“లాంతరెక్కడిదిరా, సీకటే గదా.” ఆమె కళ్ళు నులుముకుంది. “నా కల్లకి నమ్మకం నేదనుకో. సెవులకేటి, బాగానే ఉన్నాయి. అరగంట సేపు... నీ గొంతొక్కటే ఇనపడింది.”

అర్జునరావు కాగితం వైపు చూశాడు. సిరా తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

లేచి, తెల్లకాగితం తీసుకుని, కార్యదర్శికి రాయడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి పేటలో నలుగురికీ చదివి వినిపించింది, మర్నాడు కిరసనాయిలు వరసలో అందరూ చూసేట్టు గోడకు అంటించింది ఇదే:

“అయ్యా, మీ గుమాస్తా సత్యంగారు బతికి ఉంటే ఏడేళ్ళ టెంపరరీ చాలు, ఆయన్ని పర్మినెంటు చెయ్యండి. చనిపోయి ఉంటే, మీ సంఘంలో డ్యూటీకి వస్తున్న ఏకైక ఉద్యోగి ఆయనేనని ఒప్పుకోండి. రెంటిలో ఏదైనా మాకు సమ్మతమే. ఆరువందల పదకొండు మందినీ తిరిగి పిలవాలి, ఒక్కొక్కరినీ మూడుసార్లు. బస్సు కావాలి, కిటికీ పక్క సీటుతో సహా. పెద్దమెట్ట ఈ ఆశ్వయుజం దాటితే కనపడదు. మా అమ్మకు ఆ తర్వాత ఏదీ కనపడకపోవచ్చు.

మొదటి పిలుపు 1978లో మా అయ్య వేలిముద్ర. మీరు పలకలేదు. రెండో పిలుపు మొన్న మీ ఎదుట నేను నిలబడి అడిగింది. మీరు పలకలేదు. ఇది మూడోది.

జవాబు 1984 అక్టోబరు 15, సోమవారం, సాయంత్రం అయిదు గంటల లోగా.”